సర్వీస్ ఛార్జీ కట్టక్కర్లేదు, టిప్పు ఇవ్వాలనిపిస్తే పనిచేసిన మనిషి చేతిలో పెట్టండి

మీ ప్రశ్న ఇది: నెల్లూరులో ఒక ఏసీ రెస్టారెంటులో నలుగురు భోంచేస్తే బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జీ వేశారు, తీసేయమంటే "సిస్టమ్‌లో అలాగే వస్తుంది" అన్నారు, పైగా సర్వరు టిప్పు కోసం నిలబడ్డాడు. కట్టాలా వద్దా? ఇలాంటివి ఇంకెక్కడెక్కడ ఉంటాయి?

కట్టక్కర్లేదు. నాది హోటళ్ల బిల్లులు, జీఎస్టీ లెక్కలు చూసే పని కాబట్టి ఎక్కడ ఏది కలుపుతారో వివరంగా రాస్తాను.

ముందు సర్వీస్ ఛార్జీ సంగతి. అది పన్ను కాదు. ప్రభుత్వానికి పైసా వెళ్లదు, యజమాని ఖాతాలోకే పోతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్లులో దాన్ని తనంతట తాను కలపకూడదు, ఇంకో పేరుతోనూ వసూలు చేయకూడదు, ఇవ్వనన్న వాళ్లను లోపలికి రానివ్వకుండా ఆపకూడదు, తిండి ధరతో కలిపి దాని మీద జీఎస్టీ వేయకూడదు. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళితే అదే నెలలో స్టే వచ్చింది. అందుకే "కోర్టులో ఉంది సార్" అనే మాట ఇప్పటికీ కౌంటర్ల దగ్గర వినిపిస్తుంది. అది పాత మాట. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు సంఘాల పిటిషన్లు కొట్టేసి మార్గదర్శకాలు చెల్లుతాయని చెప్పింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు గానీ, మేనేజరు ఆ మాట ఎత్తితే మీరు చెప్పాల్సింది మార్చి 28 తీర్పు గురించే.

మీ బిల్లునే ఉదాహరణగా తీసుకుందాం. తిండి 1,200 రూపాయలనుకోండి. సర్వీస్ ఛార్జీ 120. రెండూ కలిపి 1,320 మీద 5 శాతం జీఎస్టీ వేస్తే 66. మొత్తం 1,386. అసలు కట్టాల్సింది 1,200 మీద 60 కలిపి 1,260. తేడా 126 రూపాయలు. ఛార్జీ 120, ఆ ఛార్జీ మీద పన్ను 6. చాలామంది 120 తీసేయించుకుని సంతోషపడతారు, ఆ 6 అలాగే ఉండిపోతుంది. అందుకని "సర్వీస్ ఛార్జీ తీసేయండి" అని ఊరుకోకుండా "ఛార్జీ తీసేసి బిల్లు మళ్లీ కొట్టివ్వండి" అనాలి. పెన్నుతో గీత కొట్టి తగ్గించిన కాగితం తీసుకోవద్దు, దాంట్లో పన్ను లెక్క మారదు.

అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. సర్వరుతో గొడవ పెట్టుకుంటే లాభం లేదు, బిల్లు అతని చేతిలో ఉండదు. "తమ్ముడూ, మేనేజరు గారిని ఒకసారి పిలువు" అనండి. డబ్బు కట్టక ముందే అడగండి. స్కాన్ చేసి కట్టేశాక అడిగితే తిరిగి ఇవ్వడానికి నూరు కారణాలు చెబుతారు. సిస్టమ్‌లో తీయడం కుదరదనేది నిజం కాదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో సర్వీస్ ఛార్జీ ఒక ఆప్షన్, మేనేజరు పాస్‌వర్డుతో అర నిమిషంలో పోతుంది. ఇది "స్టాఫ్ వెల్ఫేర్", "స్టాఫ్ కంట్రిబ్యూషన్" అని కూడా వస్తుంటుంది. పేరు మారినంత మాత్రాన చెల్లదు.

ఇక జీఎస్టీ. మన నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు లాంటి ఊళ్లలో సర్వీస్ ఛార్జీ కన్నా ఎక్కువగా మోసపోయేది ఇక్కడేనని నా అభిప్రాయం. ఏసీ ఉన్నా లేకపోయినా, కూర్చుని తిన్నా పార్శిల్ పట్టుకెళ్లినా మామూలు రెస్టారెంటుకు 5 శాతమే. సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5 అని రెండు వరసల్లో ఉంటుంది. 18 శాతం పడేది రోజుకు 7,500 రూపాయలు దాటిన గదులున్న హోటల్లోనో, తామే 18 శాతం పద్ధతి ఎంచుకున్న హోటల్లోనో ఉన్న రెస్టారెంటులోనే. మందుకు జీఎస్టీ లేదు. బార్ అండ్ రెస్టారెంటు బిల్లులో మందూ తిండీ కలిపి మొత్తం మీద 5 శాతం వేస్తే అది తప్పు.

అన్నిటికన్నా చూడాల్సింది కాంపోజిషన్ హోటళ్లు. ఏడాదికి కోటిన్నర లోపు వ్యాపారం ఉన్న హోటలు ఈ పద్ధతిలో చేరవచ్చు. తన అమ్మకాల మీద 5 శాతం తన జేబులోంచే కట్టాలి, మన దగ్గర వసూలు చేసే హక్కు లేదు. వాళ్లిచ్చే కాగితం మీద "బిల్ ఆఫ్ సప్లై" అని, పన్ను వసూలుకు అర్హత లేని కాంపోజిషన్ వ్యాపారి అని రాసి ఉండాలి. అయినా జీఎస్టీ నంబరు అచ్చువేసుకుని 5 శాతం కలిపేవాళ్లు ఉన్నారు. అది తేల్చడం సులువు. బిల్లు మీది నంబరు 15 అక్షరాలుండాలి, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే "సెర్చ్ ట్యాక్స్‌పేయర్"లో ఆ నంబరు కొడితే పేరు, రెగ్యులరా కాంపోజిషనా, రిజిస్ట్రేషన్ బతికి ఉందా రద్దయిందా అన్నీ కనిపిస్తాయి. టేబుల్ దగ్గర కూర్చునే చూడొచ్చు. నంబరే లేని కచ్చా బిల్లులో జీఎస్టీ అని రాసుంటే ఆ 5 శాతం ఇవ్వాల్సిన పనిలేదు.

బిల్లులో కనిపించని ఖర్చు మెనూలోనే దాక్కుని ఉంటుంది. మన వైపు చేపల దగ్గర ఇది బాగా జరుగుతుంది. కొర్రమీను, చందువ, పెద్ద రొయ్యలు, పీతల పక్కన ధర ఉండదు, "సైజును బట్టి" అని ఉంటుంది. సర్వరు "ఈరోజు మంచి చేప వచ్చింది సార్" అంటే మనం సరే అంటాం. ఆర్డరు ఇచ్చే ముందే మూడు మాటలు అడగండి: ముక్కకా, ప్లేటుకా, బరువుకా? బరువైతే పచ్చిదా, శుభ్రం చేశాకా? ఎంతవుతుంది? తల, తోక, పొట్ట తీసేస్తే చేప బరువు బాగా తగ్గుతుంది, కాబట్టి పచ్చి బరువు లెక్కకూ ప్లేటులోకి వచ్చినదానికీ చాలా తేడా ఉంటుంది. చెప్పిన ధర ఆర్డరు చీటీ మీద రాయించండి. చేపల పులుసు మీల్స్‌లో పులుసు రెండోసారి వేస్తే డబ్బులా, ముక్కకు మాత్రమే డబ్బులా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. అన్‌లిమిటెడ్ అని బోర్డున్నా అప్పడం, పెరుగు, స్వీటు విడిగా లెక్కేసే చోట్లున్నాయి.

నీళ్ల బాటిల్ విషయంలో చాలామంది పొరబడుతుంటారు. కూర్చుని తినే హోటల్లో ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. అక్కడ అమ్మేది వట్టి బాటిల్ కాదు, సేవతో కలిపి అని దాని తర్కం. కాబట్టి అక్కడ వాదించి లాభం లేదు. కూర్చోగానే సర్వరు మూత తిప్పకముందే "మామూలు నీళ్లు చాలు" అనేయండి. మూత తీశాక వెనక్కి తీసుకోరు. కానీ బస్టాండు దుకాణం, రైల్వే స్టాలు, హైవే మీద బస్సులు ఆగే చోట కౌంటరు, ఇక్కడ ఎమ్మార్పీ దాటి ఒక్క రూపాయి తీసుకున్నా నేరం. "కూలింగ్ ఛార్జీ" అనేది చట్టంలో లేదు. చెన్నై, విజయవాడ బస్సులు పదిహేను నిమిషాలు ఆపే దాబాల దగ్గర ఇది ఎక్కువ. హారన్ కొడుతుంటే ఎవరూ వాదించరని వాళ్లకు తెలుసు. బాటిల్ మీది ధర, దుకాణం బోర్డు రెండు ఫొటోలు తీసుకోండి, డబ్బు ఫోనులో కట్టండి. ఆ రసీదే సాక్ష్యం. ఫిర్యాదు తూనికలు, కొలతల శాఖకు. రైల్వే స్టేషన్లలో రైల్వే సొంత నీళ్ల బాటిల్ రైల్ నీర్ లీటరు 2025 సెప్టెంబరు 22 నుంచి 14 రూపాయలు, అరలీటరు 9. గూడూరులోనో ఒంగోలులోనో ప్లాట్‌ఫారం మీద 20 అంటే అక్కడి నుంచే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి, స్టాలు నంబరు చెప్పండి.

పార్శిల్ డబ్బాల డబ్బు మెనూలో రాసి ఉంటే అడగడం న్యాయమే. క్యారియరు తీసుకెళితే ఆ ఖర్చే ఉండదు. "ఫోనులో కడితే 2 శాతం" అంటే మాత్రం ఒప్పుకోకండి. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐకి 2020 జనవరి 1 నుంచి వ్యాపారి దగ్గర ఏ రుసుమూ తీసుకోరు, అతనికి లేని ఖర్చు మన మీద ఎలా వేస్తాడు?

టిప్పు దగ్గరికి వస్తే, ఇది నేను మనసుపెట్టి చెబుతున్న మాట. మన ఊళ్లలో శాతాల లెక్క లేదు, ఉండక్కర్లేదు కూడా. చక్కగా వడ్డించిన మనిషికి పదో ఇరవయ్యో, కుటుంబమంతా కూర్చుని గంట సేపు తింటే యాభయ్యో ఇస్తే అది మర్యాద. ఇవ్వకపోతే తప్పు లేదు. కానీ ఇచ్చేది అతని చేతికే ఇవ్వండి. కౌంటరు మీది క్యూఆర్‌తో కలిపి కడితే యజమాని ఖాతాకు పోతుంది, తర్వాత పంచుతాడో లేదో మనకు తెలియదు. బిల్లు ఫోల్డరులో పెట్టి వెళ్లినా టేబుల్ తుడిచే కుర్రాడికి అందుతుందని నమ్మకం లేదు. చిల్లర నోట్లు జేబులో ఉంచుకోండి. సర్వీస్ ఛార్జీ తీయించుకున్న రోజున కూడా సర్వరుకు ఏమైనా ఇవ్వండి, మీరు తీయించింది యజమానికి పోయే డబ్బు, అతనిది కాదు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలకు రుసుము లేదు, అక్కడ ఎవరైనా డబ్బు గట్టిగా అడిగినా ఇవ్వాల్సిన బాధ్యత లేదు.

లాడ్జీల్లో రెండు చూడండి. 7,500 వరకూ గది అద్దెకు జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, అంతకుముందు 12 ఉండేది. 2,000 గదికి 2,100 అవ్వాలి, పాత అలవాటుతో 2,240 వేస్తే సరిచేయమనండి. రెండోది, లెక్క 24 గంటలా, మధ్యాహ్నం 12 వరకా? రాత్రి రైలు దిగి 11కి గది తీసుకుంటే మధ్యాహ్నం 12 లెక్కలో పదమూడు గంటలకే రోజు అద్దె అయిపోతుంది. అడ్వాన్సు కట్టేటప్పుడే రసీదు మీద ఖాళీ చేసే గంట రాయించుకోండి.

యాప్‌లలో చివరి తెర వరకూ వెళ్లాక గానీ అసలు ధర కనిపించదు. 2023 నవంబరు 30న కేంద్రం నిషేధించిన 13 రకాల మోసపు పద్ధతుల్లో ఇదొకటి, అడగకుండానే టిక్కు పెట్టి బీమానో విరాళమో కలపడం ఇంకొకటి. బస్సు టికెట్ కట్టే ముందు ఆ టిక్కులన్నీ చూసి తీసేయండి. రైలు టికెట్‌కు ఐఆర్‌సీటీసీ రుసుము యూపీఐతో కడితే స్లీపరుకు 10, ఏసీకి 20, వేరే పద్ధతిలో 15, 30, దానిపైన జీఎస్టీ. టికెట్ రద్దు చేసుకున్నా ఇది తిరిగి రాదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు ఇక్కడి పద్ధతి అక్కడ వాడొద్దు. అక్కడ టిప్పు వచ్చే ఉద్యోగికి కేంద్ర చట్టం ప్రకారం కనీస కూలి గంటకు 2.13 డాలర్లే, 1991 నుంచీ మారలేదు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో పూర్తి కనీస వేతనం ఇస్తారు గానీ అలవాటు అంతటా ఒకటే. కూర్చుని తిన్నప్పుడు 15 నుంచి 20 శాతం, అదీ పన్ను కలపకముందు మొత్తం మీద. బిల్లులో "గ్రాట్యుటీ" (అక్కడ టిప్పుకే ఆ పేరు) అని ముందే ఉంటే మళ్లీ ఇవ్వక్కర్లేదు, పెద్ద గుంపుగా వెళ్లినప్పుడు అదే కలిపేస్తారు. కౌంటరు దగ్గర కాఫీ తీసుకుంటే తెర మీద శాతాలు కనిపిస్తాయి, "నో టిప్" నొక్కడం తప్పేమీ కాదు. హోటలు గదులకు రిసార్ట్ ఫీజు లాంటివి కలిపిన ధరే ముందు చూపించాలని 2025 మే 12 నుంచి అక్కడ నిబంధన ఉంది, రెస్టారెంట్లకు అది వర్తించదు.

ఇక ఫిర్యాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకూ, తెలుగులో మాట్లాడొచ్చు. వాట్సాప్‌కు 8800001915. ఫిర్యాదుకు డాకెట్ నంబరు ఇస్తారు, రాసుకోండి. మీ 126 రూపాయల లాంటివి చాలావరకు ఇక్కడే తేలతాయి, హెల్ప్‌లైన్ నుంచి అడిగితే హోటలు వెనక్కి ఇవ్వడమే సులువనుకుంటుంది. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వేయండి. 5 లక్షల లోపు రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, రెండేళ్ల లోపు వేయాలి. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయొచ్చు. చెన్నైలో ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడి హోటల్లో వేసిన సర్వీస్ ఛార్జీకి కూడా నెల్లూరులోనో ఒంగోలులోనో కేసు వేసుకోవచ్చు, వాళ్లే ఇక్కడికి రావాలి.

ఫిర్యాదులు వీగిపోయేది ఎక్కువగా ఒక చిన్న కారణంతో. హోటలు బిల్లు థర్మల్ కాగితం, కారులో ఎండ తగిలినా పర్సులో ఒరుసుకున్నా కొన్ని వారాల్లో అక్షరాలు పోతాయి. బిల్లు చేతికి రాగానే టేబుల్ మీదే పరిచి ఫొటో తీయండి. పైన పేరు, జీఎస్టీ నంబరు, కింద మొత్తం, మూడూ ఒకే ఫొటోలో కనిపించాలి.