ఎనిమిది థ్రెడ్లు పెట్టినా ప్రివ్యూ ఎందుకు పట్టేస్తోంది?

మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన వీడియో ఎడిటర్ ప్రోగ్రాం నడిపి చూశాను. ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు తీసిన 4కే క్లిప్పులు మూడు ట్రాకుల్లో వేసి ప్లే నొక్కితే, నువ్వు చెప్పినట్టే పట్టిపట్టి వదులుతోంది. నాలుగు థ్రెడ్లను (ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే పనివాళ్లను) ఎనిమిది చేసినా తేడా లేదు, పదహారు చేయనా అని అడిగావు. వద్దమ్మా. ఉన్న ఎనిమిదీ ఏం చేస్తున్నాయో ముందు చూడు.

ఏ థ్రెడ్ ఎప్పుడు ఏం చేస్తోందో చూపించే ట్రేసీ ప్రొఫైలర్ పెట్టి కాసేపు రికార్డు చేశాను. ఒక థ్రెడ్ డీకోడ్ చేస్తోంది, అంటే కుదించిన వీడియోని బొమ్మలుగా విప్పుతోంది. మిగతావన్నీ ఫ్రేమ్ కాష్ (విప్పిన ఫ్రేములు దాచే చోటు) లాక్ దగ్గర, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి పంపే తాళం దగ్గర నిలబడి ఉన్నాయి. కాష్‌లో ఫ్రేమ్ ఉందా అని వెతకడానికి లాక్ తీసుకుంటున్నావు, అది సరే. ఫ్రేమ్ లేకపోతే ఆ లాక్ వదలకుండానే డీకోడ్ కూడా చేయిస్తున్నావు. సింహాచలంలో చందనోత్సవం రోజు క్యూలైన్లు ఎన్ని వేసినా గర్భగుడి గుమ్మం ఒక్కటేగా! లాక్ పట్టుకున్నంతసేపూ రెండే పనులు జరగాలి: టేబుల్‌లో వెతకడం, లేకపోతే ‘ఈ ఫ్రేమ్ తయారవుతోంది’ అని గుర్తు పెట్టడం. వెంటనే లాక్ వదిలేసి, ఆ తర్వాత డీకోడ్ చెయ్యి. అదే ఫ్రేమ్ ఇంకో థ్రెడ్‌కి కావాలంటే ఆ గుర్తు చూసి ఆ ఒక్క ఫ్రేమ్ కోసమే ఆగుతుంది, మళ్లీ డీకోడ్ చెయ్యదు. 1967లో కంప్యూటర్ నిపుణుడు జీన్ ఆమ్డాల్ చెప్పిన లెక్క నీకు తెలుసు. పనిలో పదో వంతు ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సిందే అయితే, ఎనిమిది కోర్లతో (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలతో) వచ్చే వేగం 4.7 రెట్లే. ఎన్ని కోర్లు పెట్టినా 10 రెట్లు దాటదు.

రెండోది డీకోడర్ల సంగతి. డీకోడ్ చేసిపెట్టే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీలో థ్రెడ్ల సంఖ్యను ఆటోకి వదిలేశావు. అప్పుడు తెరిచిన ప్రతి క్లిప్పూ కోర్ల సంఖ్యను బట్టి తన థ్రెడ్లు తాను పుట్టిస్తుంది. మూడు ట్రాకులకు మూడు డీకోడర్లు, వాటిపైన నీ ఎనిమిది. ఉన్నవి ఎనిమిది కోర్లు! ఒక్కో డీకోడర్‌కి రెండు చాలు. పైగా ఒక్కో థ్రెడ్‌కి ఒక్కో ఫ్రేమ్ అప్పగించే ఫ్రేమ్ థ్రెడింగ్‌లో అదనపు థ్రెడ్ ఒక్కోటీ ఒక్కో ఫ్రేమ్ ఆలస్యం తెస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లో అది పట్టదు గానీ, టైమ్‌లైన్ మీద ప్లేహెడ్ గీతను పట్టుకుని లాగేటప్పుడు చేతికి తెలుస్తుంది.

ఆ లాగడం దగ్గరే నీ ప్రోగ్రాం ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. హెచ్.264 పద్ధతిలో కుదించిన క్లిప్పులో మధ్యలో ఒక ఫ్రేమ్ కావాలంటే, దానికి ముందున్న కీఫ్రేమ్ (వేరే ఫ్రేముల మీద ఆధారపడని పూర్తి బొమ్మ) నుంచి డీకోడ్ చేసుకుంటూ రావాలి. కీఫ్రేములు 60కి ఒకటి ఉంటే, ఒక్క బొమ్మ చూపించడానికి 60 డీకోడ్ చేయాల్సి రావచ్చు. మౌస్ కదిలిన ప్రతిసారీ నువ్వు కొత్త అభ్యర్థన వేస్తున్నావు, పాతవి క్యూలో అలాగే ఉండిపోతున్నాయి. చెయ్యి ఆపాక కూడా బొమ్మలు మారుతూనే ఉండేది అందుకే. ప్రతి అభ్యర్థనకీ ఒక వరుస సంఖ్య ఇవ్వు. డీకోడ్ చేసే థ్రెడ్ ఒక్కో ఫ్రేమ్ పూర్తయ్యాక తాజా సంఖ్య చూసుకుని, తనది పాతదైతే ఆ పని అక్కడే వదిలెయ్యాలి. దీన్ని మాత్రం నువ్వే చేతులారా రాయి, లైబ్రరీ కోసం వెతక్కు.

ఇక కాపీలు. 3840×2160 ఫ్రేమ్, పిక్సెల్‌కి 4 బైట్లు అంటే 33 ఎంబీ. సెకనుకి 30 ఫ్రేములంటే ఒక్కసారి కాపీ చేయడానికే దాదాపు 1 జీబీ. చదవడం, రాయడం రెండూ కలిపితే 2. నీ కోడ్‌లో డీకోడర్ నుంచి స్క్రీన్‌కి వెళ్లేలోపు ఫ్రేమ్ నాలుగు చోట్ల కాపీ అవుతోంది. మూడు ట్రాకులకు సెకనుకి 24 జీబీ! డ్యూయల్ ఛానల్ డీడీఆర్4-3200 మెమరీ కాగితం మీద ఇచ్చేదే 51 జీబీ. ఫ్రేమ్‌ను కదిలించకుండా పాయింటర్ (అది మెమరీలో ఉన్న చోటి చిరునామా) మాత్రమే చేతులు మారేలా చెయ్యి. ట్రాకులు కలిపే దశ వరకూ, రంగు వివరాలు తగ్గించి దాచే 8 బిట్ల వైయూవీ 4:2:0లోనే ఉంచితే అదే ఫ్రేమ్ 12.4 ఎంబీలో సరిపోతుంది.

తర్వాతి శబ్దం కావాలని సిస్టమ్ అడిగినప్పుడల్లా నడిచే ఆడియో కాల్‌బ్యాక్‌లో లాక్ వద్దు, మెమరీ అడగడం వద్దు, లాగ్ రాయడం కూడా వద్దు. 48 కిలోహెర్ట్జ్‌లో 1024 శాంపిల్స్ అంటే నీకున్న గడువు 21 మిల్లీసెకన్లే. బొమ్మ ఒకటి పోతే కన్ను సర్దుకుంటుంది, శబ్దం తెగితే చెవి అస్సలు ఊరుకోదు. అందుకే ప్రివ్యూలో వీడియోయే ఆడియో గడియారాన్ని అనుసరించాలి, వెనకబడితే ఫ్రేమ్ వదిలెయ్యాలి. ఎక్స్‌పోర్ట్‌లో మాత్రం ఒక్క ఫ్రేమ్ కూడా వదలకూడదు.

లాక్ మార్చిన ప్రతిసారీ థ్రెడ్లు ఒకే డేటా మీద ఢీకొంటున్నాయేమో పట్టించే థ్రెడ్‌శానిటైజర్‌తో ఒకసారి నడుపు. చాలా నెమ్మదిగా నడుస్తుంది, విసుక్కోకు.

చివరగా, రుషికొండలో మీ ఆఫీసు మెషీన్ మీద బాగా నడిచిందని సంబరపడకు. గాజువాకలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే కుర్రాడి దగ్గర 8 జీబీ మెమరీ ఉన్న పాత మెషీన్ ఉంటుంది. నీ కాష్ 200 ఫ్రేములు దాస్తోంది, అంటే 6.6 జీబీ. కాష్‌కి హద్దు ఫ్రేముల లెక్కన కాకుండా మెగాబైట్ల లెక్కన పెట్టు, దాన్ని మెషీన్‌లో ఉన్న మెమరీ చూసి నిర్ణయించు.

ఉంటాను,
మావయ్య
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం