పెరటికి మన నేల మొక్కలు: గుర్తుపట్టడం, పెంచడం, ఇచ్చిపుచ్చుకోవడం

హైదరాబాద్ శివారులోని కొత్త ఇంటి పెరట్లో ఏళ్ల తరబడి నిలిచే మన ప్రాంతపు మొక్కలు పెంచాలనుకుంటున్నామని, వాటిని సరిగ్గా గుర్తుపట్టడం, పెంచడం, తోటి పెంపకందారులతో మార్చుకోవడం ఎలాగో చెప్పమని అడిగారు. చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న అనుభవంతో రాస్తున్నాను. గుర్తుపట్టడం గురించే ఎక్కువ చెబుతాను. మొక్క ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి వెళ్లినప్పుడు దాని మీద రాసిన పేరు కూడా వెంట వెళ్తుంది కాబట్టి, ఆ పేరు తప్పయితే రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి ఎన్నో ఇళ్లలో అదే తప్పు వేళ్లూనుతుంది.

మొదటి మొక్కగా తంగేడును ఎంచుకోండి. తెలంగాణ రాష్ట్ర పుష్పమని, బతుకమ్మకు కావాలని మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. మీ నేల మొరం కలిసిన ఎర్రమట్టి అయితే, నిలదొక్కుకున్న తరువాత నీళ్లు అడగకుండా పూసే పొద ఇంతకంటే మంచిది నాకు తెలియదు. అయితే నర్సరీలలో తంగేడు అడిగినప్పుడు, పసుపు పూల సెన్నా జాతిలోనే మరొకటైన సెన్నా సురటెన్సిస్ అనే అలంకరణ మొక్కను చూపించడం నేను తరచుగా గమనించాను. దూరం నుంచి రెండింటి పూలూ ఒకేలా కనిపిస్తాయి కనుక, పూలను వదిలిపెట్టి ఆకు మొదలును చూడండి. అసలు తంగేడులో, అంటే సెన్నా ఆరిక్యులేటాలో, ఆకు కాడ కొమ్మకు అతికే చోట చెవి ఆకారంలో వెడల్పాటి పత్రపుచ్ఛాలు, అంటే చిన్న ఆకుల్లాంటి భాగాలు, జతగా ఉండి, రాలిపోకుండా నిలుస్తాయి. రెండో మొక్కలో అవి సన్నగా ఉంటాయి. ఆకు ఈనెను వేళ్లతో తడిమితే మరో గుర్తు దొరుకుతుంది: తంగేడులో ప్రతి చిరుఆకుల జత మధ్యా ఒక చిన్న గ్రంథి ఉంటుంది, సురటెన్సిస్‌లో కింది రెండు మూడు జతల మధ్య మాత్రమే ఉంటుంది. పూత లేని రోజుల్లో కూడా ఈ రెండు గుర్తులతో మొక్కను తేల్చుకోవచ్చు.

తంగేడును కొనడం కన్నా విత్తనంతో పెంచడమే మేలు. దీని తల్లివేరు చిన్న వయసులోనే లోతుకు దిగుతుంది కాబట్టి సంచిలో ఎక్కువ కాలం ఉన్న మొక్క నేలలో నాటినా కోలుకోవడానికి ఇబ్బంది పడుతుంది. రోడ్డు పక్కన ఎండిన కాయలను కోసి, గింజ పైపొట్టును గరుకు కాగితం మీద కొద్దిగా రుద్ది, ఒక రాత్రి నానబెట్టి, తొలకరికి నేరుగా గుంతలోనే విత్తుకోండి. పైపొట్టు గట్టిది కనుక రుద్దకుండా విత్తిన గింజలు చాలావరకు మట్టిలో అలాగే ఉండిపోతాయి. పూత మొదలయ్యాక తుమ్మెదలు వచ్చి పూల మీద జుంయిమని కంపించడం చూస్తారు. తంగేడు పుప్పొడి తిత్తులు నిలువునా పగలక, కొసన ఉన్న చిన్న రంధ్రం గుండానే పొడిని వదులుతాయి కాబట్టి ఆ కంపనం లేకుండా పుప్పొడి సరిగా బయటికి రాదు. తుమ్మెదలు రావాలంటే ఎండిన మానుకొమ్మను ఒకదానిని పెరట్లో మూలగా వదిలేయండి, అవి అందులో తొలుచుకుని గూడు పెట్టుకుంటాయి. ఆకులను తినే పచ్చటి గొంగళిపురుగులు కనిపిస్తే మందు చల్లకండి. అవి తరువాత సీతాకోకచిలుకలవుతాయి, తంగేడు మళ్లీ చిగురిస్తుంది.

తిప్పతీగ విషయంలో గుర్తింపు ఇంకా ముఖ్యం, ఎందుకంటే దీనిని చాలామంది కషాయంగా తాగుతారు. మన తిప్పతీగ టినోస్పోరా కార్డిఫోలియా. దీనికి దగ్గరి బంధువైన టినోస్పోరా క్రిస్పా కూడా అదే పేరుతో చేతులు మారుతోంది. ఈ రెండింటినీ కలగలిపి వాడవద్దని, పోలికలున్న ఇతర తీగలు హాని చేయవచ్చని కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ 2022లో ప్రత్యేకంగా హెచ్చరించింది. క్రిస్పా కాండం మీద బుడిపెలు దట్టంగా పొడుచుకొచ్చి ఉంటాయి, తుంచితే పాలవంటి ద్రవం వస్తుంది. కార్డిఫోలియా కాండం మీద అలాంటి బుడిపెలు లేకుండా, పైపొర కాగితంలా లేచి, కింద పచ్చదనం కనిపిస్తుంది; పాలు కారవు. ఆకులు రెండింటికీ హృదయాకారంలోనే ఉంటాయి కనుక ఆకును మాత్రమే ఫోటో తీసి అడిగిన వారికి నేను ఎప్పుడూ పేరు చెప్పను. మీరు ఎవరినైనా అడిగేటప్పుడు కాండం, ఆకు అడుగు భాగం, పువ్వు, కాయ విడివిడిగా కనిపించేలా ఫోటోలు పెట్టండి. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో అలా పెడితే వృక్షశాస్త్రం తెలిసినవారు సహనంతో సమాధానమిస్తారు. ఫోను యాప్ చెప్పిన పేరును అంచనాగా మాత్రమే తీసుకోవాలి.

అన్ని పాత మొక్కలూ మన నేలవే అనుకోనక్కరలేదు. గుళ్లలో కనిపించే దేవగన్నేరు, పండుగ బంతి అమెరికా ఖండాల నుంచి, బిళ్లగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చాయి. వాటి మీద ఇష్టం ఉంటే నిరభ్యంతరంగా పెంచుకోండి, స్థానిక మొక్కల జాబితాలో మాత్రం రాయకండి.

మొక్కల కోసం రాజమహేంద్రవరం దగ్గరి కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్లగలిగితే ఒకే చోట ఎన్నో రకాలు చూడవచ్చు, కానీ పూసి ఉన్నప్పుడు వెళ్లి, చూసి తీసుకోండి. తెచ్చిన మొక్క వేళ్ల చుట్టూ బంకమట్టి గడ్డకట్టి ఉంటే అంచులు మెల్లగా వదులు చేసి నాటండి, లేకపోతే వేర్లు ఆ గడ్డలోనే తిరుగుతూ ఉండిపోతాయి. రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా మొక్కలు తవ్వి తేవడం నేరం. ఎవరైనా అలా తెచ్చి అమ్మజూపితే దయచేసి కొనకండి. శేషాచలం కొండల ప్రాంతంలో తప్ప సహజంగా పెరగని బెడ్డోమీ సైకస్ అనే అరుదైన మొక్కకు అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో రక్షణ ఉంది. అటువంటి మొక్క పెరటి అందానికి తరలిపోవడం తలచుకుంటేనే నాకు బాధ కలుగుతుంది.

ఇచ్చిపుచ్చుకోవడానికి జూన్, జూలై నెలలు అనువైనవి. అడ్డసరం, వావిలి, నందివర్ధనం, డిసెంబరాలు పెన్సిలు మందం ముదురు కొమ్మలతో తేలికగా వేళ్లు పోసుకుంటాయి. కనీసం రెండు గణుపులు మట్టిలో ఉండేలా గుచ్చి, నీడలో ఉంచితే చాలు. కనకాంబరం గింజలు సేకరించాలంటే ఎండిన వెన్నులకు పల్చటి గుడ్డ కట్టాలి, ఎందుకంటే నీటి చుక్క తగలగానే కాయలు చిట్లి గింజలు దూరంగా పడతాయి. మీ దగ్గరున్నది ఢిల్లీ కనకాంబరమైతే అది గింజ కట్టదు, కొమ్మలే ఇవ్వాలి. గింజలను పాలిథిన్‌లో కాక కాగితం పొట్లంలో పెట్టి, శాస్త్రీయ నామం, సేకరించిన ఊరు, నెల రాయండి. పేరు తేలని మొక్కను దాచుకోనక్కరలేదు, "పేరు తేలలేదు" అని స్పష్టంగా రాసి ఇవ్వండి. మీకు వచ్చిన మొక్కలను రెండు మూడు వారాలు విడిగా ఉంచి, ఆకుల అడుగున, గణుపుల దగ్గర పిండినల్లి లేదని చూసుకున్నాకే మిగతావాటి దగ్గర చేర్చండి.

అగ్నిశిఖ దుంపలు, అంటే గ్లోరియోసా సుపర్బా, ఇప్పుడు చాలా మంది అడుగుతున్నారు. వానాకాలంలో తీగసాగి పూసి, తరువాత పైభాగమంతా ఎండిపోయి, దుంప నేలలో నిద్రిస్తుంది. ఆ సమయంలోనే దుంపలు తీసి మార్చుకోవాలి, నేలలో ఉంచితే వేసవిలో నీళ్లు పెట్టకూడదు. దీని దుంపలోనూ గింజలోనూ కొల్చిసిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంటుంది. చూపుకు చిలగడదుంపలా ఉండే ఆ దుంపను వంటింటి దరిదాపుల్లో పెట్టకుండా, పొట్లం మీద "విషం" అని పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలు లేని చోట నాటమని చెప్పి మరీ ఇవ్వండి.