ప్లూరల్స్ పాఠం చెప్పబోయే అమ్మాయికి

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆరో తరగతికి ఇంగ్లీషు ప్లూరల్స్, అంటే బహువచనాలు చెప్పాలని, గైడులో రూల్స్ చూస్తేనే టెన్షన్‌గా ఉందని రాశావు. నా మాట విని మొదటి రోజు ఆ గైడు క్లాసుకు తీసుకెళ్లకు. ఎస్ ఎక్కడో, ఈఎస్ ఎక్కడో చాలావరకు చెవే చెబుతుంది.

పిల్లల్ని గొంతు మీద రెండు వేళ్లు ఆనించుకోమను. ‘క్యాట్’ చివర గొంతు అదరదు, అందుకే ‘క్యాట్స్’. ‘డాగ్’ చివర అదురుతుంది. అక్కడ రాసేది ఎస్సే అయినా పలికేది ‘డాగ్జ్’. ఇక బస్, బాక్స్, బ్రష్, చర్చ్ ఇచ్చి, చివర ఇంకో ‘స్’ కలిపి పలకమను. నోరు తిరగదు. మధ్యలో చిన్న ఇకారం దూర్చక తప్పదు: బసిజ్, బ్రషిజ్. స్పెల్లింగులో ఈఎస్ రాసేది అలాంటి చోటే. ఇది నోటికి తెలిశాక సీహెచ్, ఎస్‌హెచ్, ఎక్స్ అంటూ బట్టీ పట్టించక్కర్లేదు. ‘స్టమక్’ స్పెల్లింగు సీహెచ్‌తో ముగిసినా ఉత్త ఎస్ చాలు ఎందుకో వాళ్లే చెబుతారు, అక్కడ పలికేది ‘క్’ కాబట్టి.

వై సంగతి తేలిక. ముందు హల్లుంటే బేబీ, సిటీలలాగా ఐఈఎస్. అచ్చుంటే బాయ్, కీ లాగా ఉత్త ఎస్. ఓతో ముగిసే మాటల్లో మాత్రం చెవి సాయపడదు. పొటాటో, టొమాటో, హీరోలకు ఈఎస్, ఫోటో, రేడియో, పియానోలకు ఎస్. ఇవి రాయించి రాయించి అలవాటు చెయ్యాల్సిందే.

‘చిల్డ్రన్స్’ అన్న పిల్లల్ని కసరకు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు రకారంతో బహువచనం ఉండేది. తర్వాతి కాలంలో దాని మీద ‘ఎన్’ కూడా చేరింది. అంటే అందులో ఇప్పటికే రెండు బహువచనాలున్నాయి. పైగా ఏటా నవంబరు 14న స్కూల్లో ‘చిల్డ్రన్స్ డే’ అని వింటారు కదా, అదే బహువచనం అనుకుంటారు. ఆ ఎస్ ముందు అపాస్ట్రఫీ ఉందని, అది ‘పిల్లల’ దినోత్సవం అని బోర్డు మీద రాసి చూపించు. మామూలు బహువచనానికి అపాస్ట్రఫీ పెట్టకూడదని కూడా అప్పుడే చెప్పెయ్యి.

నువ్వు ఎక్కువ రోజులు కేటాయించాల్సింది మన తెలుగు అడ్డొచ్చే చోట. సలహాలు, వివరాలు, సామాన్లు అని మనం హాయిగా అంటాం. ఇంగ్లీషులో అడ్వైస్, ఇన్ఫర్మేషన్, లగేజ్, ఫర్నిచర్ ఎస్ పట్టవు. వార్తలు మనకు బహువచనం, ‘న్యూస్’ చివర ఎస్ ఉన్నా దానికి ‘ఈజ్’ రావాలి. పది రూపాయల నోటును ‘టెన్ రుపీ నోట్’ అనాలి, రుపీకి ఎస్ ఉండదు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు.

ఒక్కచోట మాత్రం తెలుగే కాపాడుతుంది. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అని రాసిన పిల్లాణ్ణి అదే తెలుగులో చెప్పమను. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అంటాడు. ‘స్నేహితుల్లో’ అన్నావు కదా, మరి ఫ్రెండ్‌కి ఎస్ ఏదిరా అని అడుగు. తనే దిద్దుకుంటాడు.

మౌస్, ఫుట్, గూస్ లాంటివి వారం ఆగి మొదలుపెట్టు. క్లాసు ఎలా జరిగిందో ఉత్తరం రాయి.

పెద్దమ్మ