బాయిలర్ మాటిమాటికీ ఆగిపోతోందన్న మేనకోడలికి

రాయగడ

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు ఫోన్లో బాయిలర్ చూపిస్తుంటే నేను నాలుగు ప్రశ్నలు అడగబోయాను. "పిల్లలు అక్కడ చలికి ముడుచుకుపోతుంటే మీ పరీక్షలేంటి" అని మీ అత్తయ్య కసిరింది. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువుకో.

ముప్పై ఏళ్లు మిల్లు బాయిలర్ దగ్గర పనిచేశాను గానీ, ఇంగ్లండులో మీ లీడ్స్ ఇంట్లో గోడకు వేలాడే ఆ తెల్లపెట్టె వేరే జాతి. మాది బొగ్గు తిని ఆవిరి కక్కేది. మీది గ్యాసు మంటతో నీళ్లు కాచి, గదులను వెచ్చబెట్టే రేడియేటర్లకు తిప్పుతుంది, అంతే. అయినా రెండింటికీ బుద్ధి ఒకటే. ఎక్కడో తేడా తెలిస్తేనే ఆగుతాయి. నువ్వేమో రోజుకు ఐదారుసార్లు రీసెట్ నొక్కుతున్నానన్నావు. కొత్తలో నేనూ అంతే. డ్రమ్ములో నీళ్లు తగ్గి బాయిలర్ దానంతటదే ఆగిపోతే, గాజు గొట్టంలో మట్టమైనా చూడకుండా మళ్లీ వెలిగించబోయాను. మా ఫోర్‌మన్, ఒడియా ఆయన, చేతిమీద ఛెళ్లున ఒకటిచ్చాడు. కాబట్టి ఒక్కసారి నొక్కు. మళ్లీ ఆగితే చెయ్యి తీసేసి, ఎప్పుడు ఆగింది, తెరమీద ఏ కోడ్ పడింది, కాగితంమీద రాసుకో. ఒక్కో కంపెనీకి ఒక్కో కోడ్, దాని అర్థం ఆ బాయిలర్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ముందు చిన్నవి చూసెయ్. వంటింట్లో గ్యాసు పొయ్యి వెలుగుతోందా? మీది ముందుగా డబ్బులు వేసుకునే గ్యాసు మీటరైతే అందులో డబ్బు ఎంత మిగిలింది? గది వేడిని చూసి బాయిలర్‌ను నడిపే, గోడమీది థర్మోస్టాట్‌లో బ్యాటరీలు ఎప్పుడు మార్చారు? నవ్వకు. సగం గొడవలు ఇక్కడే తేలిపోతాయి.

ఇక నాకు అనుమానమంతా ఆ ప్రెషర్ సూదిమీదే. నిన్న వీడియోలో అర బార్ (నీళ్ల ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు) దగ్గర వాలిపోయి కనిపించింది. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. మరీ తగ్గితే అది వెలగనని మొండికేస్తుంది, అది దాని ధర్మం. కింద అల్లిక తొడుగున్న గొట్టం ఒకటి ఉంటుంది, ఫిల్లింగ్ లూప్ అంటారు. దాని కుళాయిలు మెల్లగా తిప్పి, సూది 1.2 దాకా వచ్చాక రెండూ గట్టిగా కట్టెయ్. రెండూ కొంచెం వదులుగా ఉన్నా రాత్రంతా నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి.

కానీ "నింపుతున్నా, రెండ్రోజుల్లో మళ్లీ పడిపోతోంది మావయ్యా" అన్నావే, అసలు కథ అక్కడుంది. నింపడం మందు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో నీళ్లు ఎక్కడికి పోతాయి? రేడియేటర్ల కింద, వాటి కుళాయిల దగ్గర చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడు. ఏమీ లేకపోతే సూదిని కాపలా కాయాలి. వంద లీటర్ల చన్నీళ్లు ఎనభై డిగ్రీలకు కాగితే దగ్గరదగ్గర మూడు లీటర్లు పెరుగుతాయి. ఆ పెరిగినదానికి చోటివ్వడానికి లోపల ఒక డబ్బా ఉంటుంది, మధ్యలో రబ్బరు పొర, ఒకవైపు గాలి, ఒకవైపు నీళ్లు. అదే ఎక్స్‌పాన్షన్ వెసెల్. అందులో గాలి పోయిందనుకో, నీళ్లకు చోటుండదు. చల్లగా ఉన్నప్పుడు ఒకటి దగ్గరున్న సూది, వేడెక్కాక మూడు దగ్గరికి ఎగబాకుతుంది. 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని, ఇంటి బయట గోడలోంచి వచ్చే రాగి గొట్టంలోంచి నీళ్లు వదిలేస్తుంది. చల్లారేసరికి సూది అడుక్కి. పొద్దున్నే నువ్వు మళ్లీ నింపుతావు. ఆ రాగి గొట్టం కింద గోడ తడిసి మరకపడిందేమో చూడు. చెయ్యి పెట్టకు, అందులోంచి సలసలా కాగే నీళ్లు రావచ్చు. వేడెక్కినా సూది రెండు దాటకపోతే మాత్రం వెసెల్ మంచిదే, నీళ్లు ఇంకెక్కడో పోతున్నాయని లెక్క.

ఇంకో సంగతి. మంచు పడిన తెల్లవారుజామునే ఆగుతోంది, లోపల గుడగుడ శబ్దం వస్తోంది అన్నావు. అది వేరే జబ్బు. ఈ కాలం బాయిలర్లు పొగలోని వేడిని కూడా లాక్కుంటాయి, దాంతో పొగలోని ఆవిరి నీరవుతుంది. ఆ నీరు ఒక ప్లాస్టిక్ గొట్టంలోంచి బయటికి పోవాలి. గొట్టం ఆరుబయట ఉంటే చలికి గడ్డకట్టి, వెనక్కి నిండి, బాయిలర్ ఆగిపోతుంది. కెటిల్‌లో కాచిన నీళ్లను గోరువెచ్చగా చల్లార్చి, నేలమీద నిలబడి అందేంతవరకు ఆ గొట్టం వంపుల దగ్గర పోయించు. మరుగుతున్న నీళ్లు వద్దు, గొట్టం పగులుతుంది. నిచ్చెనెక్కమని మీ ఆయనతో అనకు. కిందపడిన నీళ్లు నడిచే దారిలో గడ్డకడితే కాళ్లు జారతాయి, ఉప్పు చల్లండి. తరవాత రీసెట్. మన సెమిలిగూడ చలికి కుంపటి చాలు, మీ చలికి ఆ గొట్టానికి స్వెట్టర్ తొడగాలి. తొడుగు అమ్ముతారు, కొని చుట్టించు.

రేడియేటర్ పైభాగం చల్లగా ఉంటే గాలి చేరిందని, కిందిభాగం చల్లగా ఉంటే తుప్పు బురద పేరుకుందని అర్థం. గాలైతే బాయిలర్ ఆపి, అది చల్లారాక, చిన్న తాళంచెవితో తిప్పితే బుస్సుమని పోతుంది. పోయాక సూది మళ్లీ చూసుకో, తగ్గుతుంది.

టకటకమని స్పార్కు కొట్టి, వెలిగినట్టే వెలిగి ఆరిపోతుంటే మంటను పసిగట్టే కడ్డీయో, గ్యాస్ వాల్వో. అక్కడ మీకు పనిలేదు. పెట్టె మూత తియ్యొద్దు. ఇక్కడ 1923 నాటి బాయిలర్ల చట్టం కింద ఏటా ఇన్‌స్పెక్టర్ చూసి సర్టిఫికెట్ ఇస్తే తప్ప మేం మంట వెలిగించేవాళ్లం కాదు. మీ దగ్గర గ్యాస్ పని, ఆ పనివాళ్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాడే చెయ్యాలి. అద్దె ఇల్లు గనక ఏటా తనిఖీ చేయించి కాగితం మీకివ్వాల్సింది ఇంటాయన. మొహమాటపడకు, ఆ కాగితం అడుగు. బాగుచేయించాల్సిందీ ఆయనే. వెసెల్‌కు గాలి కొట్టడం కూడా ఆ వచ్చినవాడి పనే.

గ్యాస్ వాసన వస్తే కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టకుండా బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చెయ్యి. వంటగ్యాస్ లీకైతే మనకు 1906 ఎలాగో మీకు అది అలాగ. ఇంట్లో ఉంటే తలనొప్పి, బయటికెళ్తే తగ్గడం, ఇంటిల్లిపాదికీ ఒకేసారి అలా ఉండడం ఉందా? అది కార్బన్ మోనాక్సైడ్ అనే వాసనలేని విషవాయువు వల్ల కావచ్చు. బాయిలర్ ఆపి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చెయ్, అదే నంబరుకు చెప్పు. దాని అలారం ఇంట్లో లేకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి కొనుక్కురా.

నేను అడిగేది ఒక్కటే. రాత్రి రేడియేటర్లు బాగా కాలుతున్నప్పుడు సూది ఫొటో ఒకటి, పొద్దున్న వెలిగించకముందు ఒకటి. మీకు ఆరంటే మాకు పదకొండున్నర, బజారునుంచి వచ్చేసి ఉంటాను. ఇంటాయనకు పెట్టే మెయిల్‌లో కూడా ఆ రెండూ జతచెయ్యి. మీ అమ్మకు మాత్రం చలి సంగతి చెప్పకు, రాత్రంతా నాకు ఫోన్లు చేస్తుంది.

మావయ్య