అద్దం ముందు ఏడ్చే మంత్రి

తమ్ముడూ,

నీ కథ మొన్న చేరింది. రేషన్ షాపు లైన్లో తల్లి రేడియో వినే సీను బాగుంది. మిగతాది రెండోసారి చదివేసరికి కోపం వచ్చింది. యుద్ధం మొదలుపెట్టిన మంత్రి చివరి పేజీలో అద్దం ముందు నిలబడి "నేను అబద్ధమాడాను" అని భోరుమంటాడు. ఏ మంత్రి ఏడ్చాడయ్యా అలా? వాళ్లు మాట మారుస్తారు. అదీ ఒక్కసారిగా కాదు, కాస్త కాస్తగా.

ఇరాక్ సంగతే చూడు. అక్కడి అధ్యక్షుడు సద్దాం దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయి, సందేహమే లేదన్నాడు అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ, 2002 ఆగస్టులో. (1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైన్యం బాగ్దాద్ దాకా ఎందుకు వెళ్లలేదని 1994లో అడిగితే, వెళ్తే ఊబిలో దిగినట్టే అన్నదీ ఈయనే.) 2003 మార్చి 20న యుద్ధం మొదలైంది. పదిరోజులకి రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ టీవీలో, అవి ఎక్కడున్నాయో మాకు తెలుసన్నాడు. తిక్రిత్, బాగ్దాద్ చుట్టూ అంటూ నాలుగు దిక్కులూ చెప్పాడు. 2004 జనవరికి అధ్యక్షుడు బుష్ ప్రసంగంలో ఆ ఆయుధాలు కాస్తా 'ఆయుధాలకు సంబంధించిన కార్యక్రమాల కార్యకలాపాలు' అయ్యాయి. 2006లో అట్లాంటాలో ఒకాయన నిలదీస్తే రమ్స్‌ఫెల్డ్, అనుమానమున్న చోట్లు తెలుసన్నానంతే అన్నాడు.

కథంతా అక్కడుంది. 'ఉన్నాయి' అనే చిన్న క్రియ పోయి, దాని చోట నామవాచకాల గుట్ట లేచింది. నలభై ఏళ్లుగా చెబుతున్నా, క్రియని పట్టుకో అని. నీ కథలో 'రక్తపిపాస' పదకొండు చోట్ల ఉంది, లెక్కపెట్టాను. తేదీ ఒక్కటీ లేదు.

అప్పట్లో నేనొక పత్రికలో నైట్ డ్యూటీ సబ్ ఎడిటర్ని. డ్యూటీ అయ్యాక ఈ మాటలన్నీ తేదీలతో నోటుబుక్కులో ఎక్కించేవాణ్ణి. దాంతో రాసిన వ్యాసం ఒక వారపత్రికకు పంపితే, ఎడిటర్ గారు "పాఠకులకు అంకెలు పడవు" అని తేదీలన్నీ కొట్టేసి 'సామ్రాజ్యవాద విషపు కోరలు' అని హెడ్డింగ్ పెట్టారు. కోరలు మిగిలాయి, పాములు తప్పించుకున్నాయి. ఇప్పటి ఎడిటర్లకైతే 'ఫీల్' కావాలట.

ఆ నోటుబుక్కు ఊరికే పెట్టలేదు. మా బావ అప్పుడు కువైట్లో డ్రైవరు. ఆ మార్చిలో ఇరాక్ క్షిపణులు అటువైపు వస్తుంటే, రాయచోటిలో అక్క ఫోన్ పక్కనే పడుకునేది. సైరన్ మోగిందంటే బావ మాట మధ్యలోనే పెట్టేసేవాడు. యుద్ధం సద్దుమణిగాక అక్క ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసి ఒకటే అడిగేది: "ఆ ఆయుధాలు దొరికాయంట్రా?" నువ్వు పేపర్లో పనిచేస్తావు కదా, నీకు తెలియదా అన్నట్టు. ఏడాది తర్వాత అడగడం మానేసింది.

ఇరాక్ దగ్గర ఆయుధాలున్నాయని వాదిస్తూ ఐక్యరాజ్యసమితిలో సీసా ఎత్తి చూపించిన అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి పావెల్, తర్వాత ఆ ప్రసంగం తన పేరుకి మచ్చ అన్నాడు కదా అంటావేమో. అన్నాడు, 2005లో, పదవి దిగాక, టీవీ ఇంటర్వ్యూలో. అద్దం ముందు కాదు.

ఏ పోటీకి పంపాలని అడిగావు. ముందు మంత్రిని ఆ అద్దం దగ్గర్నుంచి తెచ్చి విలేకరుల ముందు కూర్చోబెట్టు. ఏడాది తేడాతో రెండుసార్లు. రేషన్ లైన్లో తల్లికి ఆ రెండూ రేడియోలో వినిపించు. అక్క ప్రశ్న కావాలంటే వాడుకో, ఏమీ అనుకోదు.

మీ అన్నయ్య