ఆన్‌లైన్ రేడియో ఆగిపోతుంటే నెట్ ప్లాన్ మార్చకండి, ముందు ఫోన్ సంగతి చూడండి

"ఫోన్‌లో ఆకాశవాణి పెడితే పది నిమిషాలకే ఆగిపోతోంది. ఇంట్లో ఫైబర్ కనెక్షనే ఉంది. ఇంకా పెద్ద ప్లాన్‌కి మారాలా?" అని ఒకరు అడిగారు.

మారకండి. ఇలాంటి ప్రశ్న చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మీ మీద కాదు, ఆ సలహా ఇచ్చేవాళ్ళ మీద. రేడియోకి కావలసిన నెట్ చాలా తక్కువ. 64 కేబీపీఎస్ స్ట్రీము (నెట్ మీద వచ్చే ప్రసారం) అంటే సెకనుకి 8 కిలోబైట్లు, గంటసేపు విన్నా 29 ఎంబీ దాటదు. 128 అయితే దానికి రెట్టింపు. అదే వైఫై మీద మీ పిల్లలు యూట్యూబ్ చూస్తుంటే ఆ వీడియోకి ఇంతకు ఎన్నో రెట్లు పోతుంది. వీడియో ఆగకుండా నడుస్తూ రేడియో ఒక్కటే ఆగిపోతోందంటే లైను వేగం మీద అనుమానం అక్కడితో వదిలేయండి. నన్నడిగితే ఈ ఫిర్యాదుల్లో పదింట తొమ్మిది ఫోన్ వల్లనో, ఆప్ వల్లనో వచ్చేవే.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. అమ్మ గుడివాడ దగ్గర ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ట్రాన్సిస్టర్ ముల్లు మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచి కదిలేది కాదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అమ్మ పుట్టేసరికే ఆ కేంద్రం ఉంది, ఆవిడకి తెల్లారడమంటేనే భక్తిరంజని. నాన్న పోయాక హైదరాబాదు తీసుకొచ్చేశాం, ట్రాన్సిస్టరూ వెంట వచ్చింది. ఫ్లాట్లో అది పెడితే గరగర తప్ప ఏమీ లేదు. పగటిపూట అంత దూరం నుంచి మీడియం వేవ్ అందడమే కష్టం. అందిన కాస్తా ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టరు కలిసి మింగేస్తాయి. వాటిలో ఉండే స్విచింగ్ సర్క్యూట్ల రొద అంతా ఆ బ్యాండు మీదే పడుతుంది. అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ళకి గానీ బల్బులు చేసేవాళ్ళకి గానీ ఈ సంగతి పట్టదు, రేడియో వినేవాళ్ళు ఇంకా ఉన్నారనే వాళ్ళకి గుర్తుండదు. అందుకని రేడియోలన్నీ ఒకచోట ఇచ్చే ఆప్ ఒకటి అమ్మ ఫోన్‌లో వేసి ఇచ్చాం.

పొద్దున్నే ఆవిడ ఫోన్‌ని వంటగట్టు మీద, పప్పుల డబ్బాలకి ఆనించి పెట్టుకుంటుంది. అటు పాలు పొయ్యి మీద, ఇటు కీర్తన. చరణం అందుకునేసరికి గొంతు ఆగిపోతుంది. తడిచేయి కొంగుకి తుడుచుకుని ఫోన్ తీసి, తెర వెలిగించి మళ్ళీ నొక్కితే వస్తుంది. కింద పెట్టిన కాసేపటికి మళ్ళీ ఆగిపోతుంది. ఆరూ నలభై ఐదు ప్రాంతీయ వార్తలైతే ముఖ్యాంశాలు దాటి ఏనాడూ పూర్తిగా వినలేదు. "ఏమిట్రా, మన ఊళ్ళో బ్యాటరీ సెల్లు వేస్తే నెల పాటు పాడేది" అని ఆవిడ బాధ.

నెట్ కుర్రాడు వచ్చి చూసి, "మామ్మగారూ, రౌటర్‌కీ వంటింటికీ మధ్య గోడలున్నాయి, ఎక్స్‌టెండర్ పెట్టుకోవాలి" అన్నాడు, అంటే వైఫైని దూరానికి అందించే డబ్బా. మా బావగారేమో 200 ఎంబీపీఎస్ ప్లాన్ వేయించమన్నారు. నేను ఊళ్ళో లేనప్పుడు రెండూ జరిగిపోయాయి. వంటింట్లో వైఫై గీతలు నిండుగా వచ్చాయి. రేడియో మాత్రం ఎప్పటిలాగే ఆగిపోయింది.

నన్ను ఆలోచింపజేసింది ఒకటే. సాయంత్రాలు అదే ఫోన్, అదే ఆప్, హాల్లో టీవీ పక్కన పెడితే గంటల తరబడి పాడుతోంది. అందరూ హాల్లో సిగ్నల్ బాగుందన్నారు. కానీ అమ్మ హాల్లో పెట్టేది ఎందుకు? చార్జింగ్ కోసం. మర్నాడు పొద్దున చార్జరు వంటింట్లోకి తీసుకెళ్ళి మిక్సీ ప్లగ్గులో పెట్టాను. భక్తిరంజని అయింది, వార్తలు మొదలై చివరిదాకా వచ్చాయి. చార్జరు తీసేసి, తెర ఆరిపోయేదాకా ఫోన్‌ని ముట్టుకోకుండా అక్కడే నిలబడ్డాను. కాసేపటికి గొంతు ఠక్కున ఆగిపోయింది. అదే గట్టు, అదే వైఫై, అదే గోడ.

జరిగేది ఇది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే పద్ధతి ఉంది. చార్జింగ్‌లో లేకుండా, తెర ఆరిపోయి, కదలకుండా పడున్న ఫోన్‌లో వెనకాల నడిచే ఆప్‌లకి నెట్ ఆపి నిద్రపుచ్చుతుంది. సరిగ్గా రాసిన రేడియో ఆప్ అయితే "నేను పాడుతున్నాను" అని పైన నోటిఫికేషన్ పెట్టి ఫోన్‌కి చెప్పుకుంటుంది, దాని జోలికి రాదు. కానీ చాలా ఫోన్ కంపెనీలు బ్యాటరీ రెండు రోజులు వస్తుందని చెప్పుకోవడం కోసం దీని మీద తమ సొంత కత్తెర ఒకటి పెట్టాయి. అది పాడేదాన్నీ పడుకున్నదాన్నీ ఒకేలా కోసేస్తుంది. ఇది చాలా అన్యాయం. ఫోన్‌ని చేతిలో పట్టుకుని తెర చూస్తూ ఉండేవాళ్ళకి ఈ బాధ తెలియదు. ఫోన్ పక్కన పెట్టి పని చేసుకుంటూ వినే పెద్దవాళ్ళకే తగులుతుంది, వాళ్ళకి ఆ సెట్టింగు ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

మీరు చేయాల్సింది ఇంతే. సెట్టింగ్స్‌లో ఆప్స్‌లోకి వెళ్ళి, రేడియో ఆప్ పేరు నొక్కి, బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ అనో నో రిస్ట్రిక్షన్స్ అనో ఉన్నది ఎంచుకోండి. ఆటోస్టార్ట్ అని ఉంటే ఆన్ చేయండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే తీసేయండి. ఫోన్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఇవన్నీ ఒకసారి మళ్ళీ చూసుకోండి, పాత స్థితికి వెళ్ళిపోతుంటాయి. మీదీ పది నిమిషాలకే ఆగుతోందన్నారు కాబట్టి ముందు చార్జింగ్ పెట్టి వినండి. ఆగకపోతే జబ్బు ఇదే, ఇక వేరే ఏదీ వెతకనక్కర్లేదు.

అసలు మొదలే కాకుండా చక్రం గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతే మాత్రం అది వేరే కథ. దానికి నేను అన్ని స్టేషన్లూ ఒకచోట ఇచ్చే ఆప్‌లనే తప్పుపడతాను. వాటిలో చాలావాటికి సొంత రేడియో ఏమీ ఉండదు, స్టేషన్ల స్ట్రీము చిరునామాలు ఏరి పెట్టుకుంటాయంతే. స్టేషన్ తన చిరునామా మార్చుకున్నా వీళ్ళ జాబితాలో పాతదే ఉంటుంది. బొమ్మ ఉంటుంది, పేరు ఉంటుంది, ముందు ఒక ప్రకటన కూడా తప్పకుండా వస్తుంది, రేడియో మాత్రం రాదు. వినేవాడు తన నెట్ బాగాలేదనుకుంటాడు. వీలైనంత వరకు స్టేషన్ వాళ్ళ సొంత ఆప్, సొంత వెబ్‌సైటే వాడండి. ఆకాశవాణికైతే ప్రసార భారతి వాళ్ళ న్యూస్‌ఆన్‌ఎయిర్ ఉంది, 200కి పైగా స్ట్రీములు అందులోనే దొరుకుతాయి.

ఇంకాస్త ఓపిక ఉంటే పాటలు, వీడియోలు నడిపే వీఎల్‌సీ (VLC) అనే ప్లేయరు వేసుకోండి. ఉచితం, ప్రకటనలు లేవు. స్టేషన్ స్ట్రీము చిరునామా తెలిస్తే (చివర ఎం3యు8, అంటే m3u8 అనో, మధ్యలో 8000 లాంటి పోర్టు నంబరు, అంటే సర్వర్‌లోకి వెళ్ళే ద్వారం నంబరుతోనో ఉంటుంది) నెట్‌వర్క్ స్ట్రీము అన్నచోట అతికించి నొక్కండి. ఇది నా దృష్టిలో అన్నిటికంటే నికార్సైన పరీక్ష. వీఎల్‌సీలో పాడి ఆప్‌లో పాడకపోతే తప్పు ఆప్‌ది. వీఎల్‌సీలో మొబైల్ డేటా మీద పాడి వైఫై మీద పాడకపోతే అప్పుడు నెట్ వాళ్ళని పిలవండి. రెండింటి మీదా పాడకపోతే స్టేషన్ దగ్గరే ఏదో ఆగింది. మధ్యమధ్యలో గొంతు తెగుతుంటే అందులోనే నెట్‌వర్క్ క్యాషింగ్ విలువ, అంటే పాడే ముందు ఎంతసేపటి శబ్దం నిల్వ చేసుకోవాలన్నది, పెంచండి. మామూలుగా 1000 మిల్లీసెకన్లు ఉంటుంది, నేను 5000 పెడతాను. పాట ఐదు సెకన్లు ఆలస్యంగా మొదలవుతుంది, అంతకుమించి నష్టం లేదు.

ఆలస్యం అంటే గుర్తొచ్చింది. స్ట్రీములో టైము పిప్పులు అర నిమిషం లేటుగా వస్తున్నాయని చాలామంది కంగారు పడతారు. అమ్మ కూడా గోడ గడియారం రేడియోతోనే సరిచేసుకునేది, ఇప్పుడు మానిపించాం. ఎం3యు8 స్ట్రీములు శబ్దాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా చేసి పంపుతాయి, ప్లేయరు రెండు మూడు ముక్కలు చేతిలో పెట్టుకున్నాకే మొదలుపెడుతుంది. అందుకే ఆ ఆలస్యం. అది చెడిపోవడం కాదు, దాన్ని తగ్గించబోతే ఆగిపోవడం ఎక్కువవుతుంది. పైగా ఈ పద్ధతి వల్ల ఒక లాభం ఉంది. మీరు ఇంట్లోంచి బయటికి నడిచినప్పుడు ఫోన్ వైఫై వదిలి మొబైల్ డేటాకి మారుతుంది. పాతకాలపు ఐస్‌కాస్ట్, షౌట్‌కాస్ట్ స్ట్రీములు ఒకే కనెక్షన్ మీద నడుస్తాయి కాబట్టి అక్కడ తెగిపోతాయి. ముక్కల స్ట్రీము తర్వాతి ముక్క కొత్త దారిలో తెచ్చుకుంటుంది.

కంప్యూటర్లో వినేవాళ్ళకి ఒక మాట. పేజీ తెరుచుకుంటుంది, ప్లే నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. పేజీ చిరునామా హెచ్‌టీటీపీఎస్ (https, భద్రత ఉన్నది) అయ్యుండి స్ట్రీము పాత హెచ్‌టీటీపీ (http, ఆ భద్రత లేనిది) అయితే ఇలా అవుతుంది. 2020 నుంచి క్రోమ్ అలాంటి ఆడియోని వదలట్లేదు. ఆ స్ట్రీము చిరునామాని వీఎల్‌సీలో పెడితే పాడుతుంది. ఆఫీసులో అయితే 8000 లాంటి పోర్టులు మూసేసి ఉంటారు, దానికి మీరు చేయగలిగింది లేదు. పాత ఫోన్‌ని రేడియో కోసమే పక్కన పెట్టుకున్నవాళ్ళు అందులో తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచాక తేదీ ఏళ్ళ వెనక్కి పోతే సైటు అసలుదేనని చూపే సర్టిఫికెట్లు చెల్లవు, హెచ్‌టీటీపీఎస్ స్ట్రీములు తెరుచుకోవు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఇంకో కారణం గుర్తుపెట్టుకోవాలి. పాటల హక్కులు, మ్యాచ్ హక్కులు దేశాన్ని బట్టి ఉంటాయి. 2019లో ఇంగ్లండ్ హైకోర్టు, అన్ని స్టేషన్లూ ఒకచోట ఇచ్చే ట్యూన్‌ఇన్ ఆప్ మీద పాటల హక్కుల కేసులో తీర్పు ఇచ్చాక బ్రిటన్‌లో ఆ ఆప్ మీద బయటి దేశాల స్టేషన్లు దాదాపు లేకుండా పోయాయి. అక్కడుండి రౌటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా అవి రావు.

చివరిగా స్టేషన్లు నడిపేవాళ్ళతో నా గొడవ. 2015 ఫిబ్రవరిలో బీబీసీ విండోస్ మీడియా అనే పాత పద్ధతి స్ట్రీములు ఆపేసినప్పుడు కొన్ని పాత ఇంటర్నెట్ రేడియో సెట్లలో బీబీసీ రాకుండా పోయింది, జనం గట్టిగానే అరిచారు. మన దగ్గర ఎవరూ అరవరు. రాలేదా, నెట్ బాగోలేదనుకుని ఆపేస్తారు. స్ట్రీము చిరునామా మొదటి పేజీలో పెట్టడానికి ఖర్చేముంది? మార్చినప్పుడు రెండు రోజులు ముందు రేడియోలోనే చెప్పొచ్చుగా, వినేవాళ్ళు అక్కడే ఉన్నారు కదా. కాబట్టి మీ పరీక్షలో తప్పు స్టేషన్‌దని తేలితే వాళ్ళకి రాయండి. ఏ స్ట్రీము, ఏ రోజు ఎన్నింటికి ఆగింది, వైఫై మీదా మొబైల్ డేటా మీదా రెండింటి మీదా చూశారా, వీఎల్‌సీ ఏ ఎర్రర్ చూపించింది, ఇవి రాయండి. "రేడియో రావట్లేదు" అని మాత్రం రాస్తే అవతలివాళ్ళు కూడా మీ నెట్ చూసుకోమనే అంటారు.