పర్యావరణం ఒక్క శాఖ పని కాదు

ప్రశ్న: మా అమ్మాయి గణితం, స్టాటిస్టిక్స్, ఎకనమిక్స్‌తో బీఎస్సీ చివరి ఏడాది చదువుతోంది. పర్యావరణ విధానాల మీద పనిచేస్తానంటోంది. దానికి ఉన్నది ఒక్క మంత్రిత్వ శాఖ కదా, అందులో పోస్టులెన్ని? ఎకనమిక్స్ పీజీ మంచిదా, రెండు లక్షల రూపాయల ఆన్‌లైన్ ఈఎస్‌జీ (కంపెనీల పర్యావరణ, సామాజిక, పాలనా తీరు) కోర్సు మంచిదా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, మీ టెన్షన్ వేరు. ఇంత చదివీ అమ్మాయి ఇంట్లో కూర్చోవాల్సి వస్తుందేమోనని భయపడుతున్నారు. ముందు ఆ భయం సంగతి చూద్దాం.

2008లో కేంద్రం వాతావరణ మార్పులపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చి ఎనిమిది మిషన్లు పెట్టింది. అందులో పర్యావరణ శాఖకు దక్కింది అడవుల పెంపకానికి సంబంధించిన హరిత భారత్ మిషన్ ఒక్కటే. సౌర విద్యుత్తు పునరుత్పాదక ఇంధన శాఖకు, ఇంధన పొదుపు విద్యుత్ శాఖకు, నీరు జలవనరుల శాఖకు (ఇప్పటి జలశక్తి శాఖ), సాగు వ్యవసాయ శాఖకు వెళ్లాయి. ఖమ్మం వాళ్లకు పోలవరం గురించి నేను చెప్పాలా? ప్రాజెక్టు జలశక్తి శాఖది, డబ్బు ఆర్థిక శాఖ దగ్గర, అనుమతులు పర్యావరణ శాఖ దగ్గర, ఊళ్లు ఖాళీ చేయించి పునరావాసం చూపాల్సింది రాష్ట్రం.

ఒకే పనిని రెండు శాఖలు పంచుకోవడమూ ఉంది. లక్ష్యం కంటే ఎక్కువగా ఉద్గారాలు (గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు) తగ్గించిన ఫ్యాక్టరీలు అమ్ముకోగలిగే కార్బన్ క్రెడిట్ల పథకాన్ని 2023లో నోటిఫై చేసింది విద్యుత్ శాఖ. ఏ ఫ్యాక్టరీ ఉద్గారాలు ఎంత తగ్గించాలో చెప్పే నోటిఫికేషన్ మాత్రం పర్యావరణ శాఖ ఇస్తుంది. టన్ను సిమెంటుకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తోంది, తగ్గించడానికి ఖర్చెంత అన్న లెక్క రెండు చోట్లా కావాలి. మీ అమ్మాయి మూడేళ్లుగా నేర్చుకుంటున్నది అలాంటి లెక్కలకు పనికొచ్చే చదువే. కాబట్టి ఒక్క శాఖ, నాలుగు పోస్టులు అని దిగులు పడకండి.

ఈఎస్‌జీ కోర్సు మీద నాకు గట్టి అనుమానమే ఉంది. స్టాక్ మార్కెట్లో నమోదైనవాటిలో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణ, సామాజిక నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పింది. మనుషులు కావాలి, నిజమే. కానీ ఆ సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరకొచ్చిన కొందరికి కరెంటు బిల్లు ఇచ్చి ఉద్గారాలు లెక్కకట్టమంటే చేతకాలేదు. లెక్క వచ్చినవాళ్లు రిపోర్టు రాయడం ఆరు నెలల్లో నేర్చుకుంటారు. రిపోర్టు నమూనా మాత్రమే తెలిసినవాళ్లకు లెక్క అంత త్వరగా రాదు. అంతగా కట్టాలనుకుంటే, పాత బ్యాచ్‌లో ఇద్దరితో మాట్లాడాకే కట్టండి.

ఎకనమిక్స్ పీజీ చేయించండి. తర్వాత ఇండియన్ ఎకనమిక్ సర్వీస్‌కూ దారి ఉంటుంది. ఆ అధికారులను రకరకాల మంత్రిత్వ శాఖల్లో నియమిస్తారు.

ఒక మాట కఠినంగానే చెబుతాను. ఫీజు ఎంతో రాశారు. అమ్మాయి మనసు నీళ్ల మీద ఉందా, అడవుల మీదా, కరెంటు మీదా అన్నది రాయలేదు. అసలు అడిగారా? ఏ శాఖ పని నేర్చుకోవాలో తేలేది అక్కడే. ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టి ఆమెను అడగండి. ఆమె చెప్పింది నాకు రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.